గ్యాస్ట్రిక్ బైపాస్: శస్త్రచికిత్స పద్ధతులు, ఆ తర్వాతి సంరక్షణ

స్థూలకాయానికీ, దానితో వచ్చే మధుమేహానికీ చేసే శస్త్రచికిత్సల్లో గ్యాస్ట్రిక్ బైపాస్ ఒకటి. జఠరం పైభాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి, ఆ సంచిని నేరుగా చిన్నపేగుకు కలిపి కుడతారు. తిన్నది జఠరంలో పెద్ద భాగాన్నీ, దాన్ని ఆనుకుని ఉండే ఆంత్రమూలాన్నీ, చిన్నపేగు తొలి భాగాన్నీ తాకకుండా కిందికి పోతుంది. మామూలుగా ఏ అవయవాన్నీ కోసి తీసేయరు, లోపలి దారి మాత్రమే మారుస్తారు. ఆ మారిన దారి సాధారణంగా మనిషి బతికున్నంతకాలం అలాగే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలవాళ్లు పెద్ద ఆపరేషన్లకు బెంగళూరు, వేలూరు, తిరుపతి, చెన్నై వెళ్లడం మామూలే. బైపాస్ రెండు మూడు గంటల పని. చిక్కులేవీ రాకపోతే కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత బతుకంతా సొంత ఊళ్లోనే. కడుపునొప్పి వచ్చినా, వాంతులు పట్టుకున్నా, రక్తం తగ్గినా ముందు పరుగెత్తేది దగ్గర్లోని డాక్టరు దగ్గరికే. అందుకే ఇక్కడ ఆపరేషన్ గదిలో జరిగేదానికి ఎంత చోటు ఇచ్చామో, ఏళ్ల తర్వాత ఇంటి దగ్గర ఎదురయ్యేదానికీ దాదాపు అంతే ఇచ్చాం.

ఆరోగ్యవరం నేల

మదనపల్లెకు వైద్యంలో దేశమంతటా పేరు తెచ్చింది క్షయ చికిత్స. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి చూసి, 1910ల్లో పలు క్రైస్తవ మిషన్లు కలిసి పట్టణం పక్కనే యూనియన్ మిషన్ క్షయ శానిటోరియాన్ని నెలకొల్పాయి. అదే ఆరోగ్యవరం. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దానికి తొలి సారథి. తర్వాత కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయిన పి.వి. బెంజమిన్ కూడా ఇక్కడ పనిచేసినవారే. 1948లో మన దేశంలో బీసీజీ టీకాకు తొలి అడుగులు పడిన చోట్లలో మదనపల్లె ఒకటి.

క్షయకు మందుల్లేని ఆ రోజుల్లో శానిటోరియం చికిత్స అంటే విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి. రోగి తూకం పెరిగితే కోలుకుంటున్నట్టు లెక్క. ఇప్పుడు పరిస్థితి వేరు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో సుమారు 36 శాతం, పురుషులలో 31 శాతం మంది అధిక బరువో స్థూలకాయమో ఉన్నవాళ్లు. అలాగని క్షయ వెళ్లిపోలేదు. ఒకే వీధిలో రెండూ ఉన్నాయి, ఒక్కోసారి ఒకే ఒంట్లోనూ ఉంటాయి. బైపాస్ విషయంలో దీనికున్న ప్రాముఖ్యం చివర్లో వస్తుంది.

పుట్టుక

బరువు తగ్గించడానికి పేగు దారి మార్చే ఆలోచన 1950ల నాటిది. అమెరికాలో మొదట జఠరాన్ని ముట్టుకోకుండా చిన్నపేగులోనే చాలా భాగాన్ని పక్కన పెట్టేవారు. బరువు బాగా తగ్గేది కానీ కాలేయం చెడిపోవడం, మూత్రపిండాల్లో రాళ్లు, ఆగని విరేచనాలు రోగుల ప్రాణం తీసేవి. ఆ పద్ధతిని తర్వాత పూర్తిగా మానేశారు.

అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మరో సంగతి గమనించాడు. అల్సర్ కోసం జఠరంలో కొంత తీసేసిన రోగులు సన్నబడుతున్నారు, మళ్లీ లావెక్కడం లేదు. 1966లో ఆయన, చికాషి ఇటో కలిసి జఠరాన్ని అడ్డంగా విడదీసి, పై సంచికి చిన్నపేగు మడతను పైకి లాగి కుట్టారు. గ్యాస్ట్రిక్ బైపాస్ అలా మొదలైంది. అయితే ఆ మడత గుండా పైత్యరసం సంచిలోకి ఎగదన్ని మంట పెట్టేది. 1977లో వార్డ్ గ్రిఫెన్ దీనికి విరుగుడుగా పేగును తెగ్గోసి, వై అక్షరం ఆకారంలో మళ్లీ కలిపాడు. ఆ ఆకారపు కుట్టును 19వ శతాబ్దం చివర్లోనే స్విట్జర్లాండ్ సర్జన్ సెజార్ రూ వేరే అవసరాలకు వాడాడు. అందుకే ఈ ఆపరేషన్‌కు రూ-ఆన్-వై బైపాస్ అన్న పేరు నిలిచింది. 1993లో శాన్‌డియాగోలో అలన్ విట్‌గ్రోవ్, వెస్లీ క్లార్క్ పొట్ట కోయకుండా లాప్రోస్కోపీతో దీన్ని చేసి చూపించారు. ఇప్పుడు పొట్ట తెరిచి చేయడం అరుదు.

ఎవరికి చేస్తారు

కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఆపరేషన్‌కు పెట్టిన అర్హత గీత 40, జబ్బులు తోడైతే 35. మనవాళ్లలో అంతకంటే తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, మధుమేహం వస్తుంది. అందుకే 2009లో భారతీయ నిపుణులు ఆ గీతను 37.5కూ, జబ్బులుంటే 32.5కూ దించారు. 2022లో అంతర్జాతీయ సంఘాలు మరింత దించి, ఆసియావాసులకు 27.5 దాటితే శస్త్రచికిత్సను పరిశీలించవచ్చన్నాయి.

ఆరోగ్య బీమా నిబంధనలు మాత్రం ఇంకా 40, 35 అంకెల దగ్గరే ఉన్నాయి. 160 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక మధుమేహ రోగిని తీసుకుందాం. భారతీయ మార్గదర్శకాల ప్రకారం 83 కిలోలు దాటితే ఆపరేషన్‌కు అర్హురాలు. బీమా కంపెనీ డబ్బు కట్టాలంటే దాదాపు 90 కిలోలు ఉండాలి, పైగా షుగరు అదుపు తప్పిందని రుజువు కావాలి. ఆ ఏడు కిలోల తేడాలో పడినవాళ్లు సొంత డబ్బు పెట్టుకోవాలి, లేదా జబ్బు ముదిరేదాకా ఆగాలి. మన శరీరాల కోసం గీసిన గీత మన బీమా పత్రంలో లేకపోవడం అన్యాయం.

వయసు, మానసిక స్థితి, మద్యం అలవాటు, తిండి తీరు, అంతకుముందు బరువు తగ్గడానికి చేసిన ప్రయత్నాలు అన్నీ చూశాకే నిర్ణయం తీసుకుంటారు. 2025లో టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు బరువు తగ్గించే మందులుగా మన మార్కెట్లోకి వచ్చాక కొందరికి ఆపరేషన్ అవసరం తప్పుతోంది. కానీ ఆ మందు మానేస్తే బరువు మళ్లీ పెరిగేవాళ్లే ఎక్కువ.

రూ-ఆన్-వై ఎలా చేస్తారు

ఆపరేషన్‌కు ముందు సుమారు రెండు వారాలు తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచుతారు. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం దీనితో కుంచించుకుంటుంది. కాలేయం ఎడమ భాగం సరిగ్గా జఠరం మీద పరచుకుని ఉంటుంది కాబట్టి, అది చిన్నదైతేనే సర్జన్‌కు దారి దొరుకుతుంది. ముందుగానే ఎండోస్కోపీ చేసి హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉంటే మందులతో పోగొడతారు. బైపాస్ తర్వాత పక్కన పెట్టిన జఠరంలోకి మామూలు ఎండోస్కోపీ గొట్టం వెళ్లదు, చూడాల్సింది ముందే చూసేయాలి.

మత్తు ఇచ్చాక పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, ఐదారు చిన్న రంధ్రాల గుండా కెమెరా, పనిముట్లు దింపుతారు. పేగులు కిందికి జారేలా బల్లను తలవైపు ఎత్తుతారు.

మొదటి పని సంచి తయారుచేయడం. అన్నవాహిక జఠరంలో కలిసే చోటికి కొన్ని సెంటీమీటర్ల కింద, జఠరం లోపలి వంపు వైపు నుంచి స్టేప్లర్ దూరుస్తారు. ఈ స్టేప్లర్ ఒకే నొక్కుతో రెండు వైపులా వరుసలుగా టైటానియం పిన్నులు కుట్టి, మధ్యలో కోసేస్తుంది. మొదట అడ్డంగా, తర్వాత నిలువుగా పైకి కోసుకుంటూ వెళితే 15 నుంచి 30 మిల్లీలీటర్లు పట్టే సంచి మిగులుతుంది. అంటే మహా అయితే రెండు టేబుల్ స్పూన్లు. సాగే గుణం ఎక్కువున్న జఠరం పైగోపురం ఈ సంచిలోకి రాకుండా చూడాలి. అది కాస్త మిగిలినా కొన్నేళ్లలో సంచి పెద్దదై బరువు తిరిగొస్తుంది.

తర్వాత పేగు. ఆంత్రమూలం ముగిసి చిన్నపేగు బయటపడే మలుపు దగ్గర కొలత మొదలుపెడతారు. అక్కడి నుంచి 50–100 సెంటీమీటర్లు లెక్కపెట్టి పేగును కోస్తారు. కింది కొసను పైకి తెచ్చి జఠర సంచికి కుడతారు. ఆ కుట్టు నుంచి 100–150 సెంటీమీటర్లు కిందికి కొలిచి, పైత్యరసం, క్లోమరసం మోసుకొచ్చే పై కొసను అక్కడ పక్కవాటంగా కలుపుతారు. చూడ్డానికి పంగలకర్రలా ఉంటుంది. ఒక పంగలో అన్నం, మరో పంగలో జీర్ణరసాలు దిగి, రెండూ కలిసే చోటు నుంచి కింది కర్రలో అసలు జీర్ణం, పోషకాల గ్రహణం జరుగుతాయి. ఆ కింది భాగాన్ని ఉమ్మడి పేగు అంటారు.

మనిషి చిన్నపేగు పొడవు అందరికీ ఒకటి కాదు. నాలుగు మీటర్ల లోపు ఉన్నవాళ్లూ ఉన్నారు, ఎనిమిది మీటర్లు దాటినవాళ్లూ ఉన్నారు. పై రెండు పంగలనే కొలిచి ఊరుకుంటే, పొట్టి పేగువాళ్లకు కింద మిగిలేది చాలకపోవచ్చు. జాగ్రత్తపరుడైన సర్జన్ ఉమ్మడి పేగు ఎంత మిగిలిందో కూడా కొలుస్తాడు. పంగలు ఎంత పొడుగుంటే ఫలితం అంత ఎక్కువన్న వాదన ఉన్నా, పొడుగు పెంచినకొద్దీ పోషకాల లోటు పెరగడం మాత్రం ఖాయం. మాంసం, గుడ్లు తక్కువగా తినే ఇళ్లలో ఇది ఇంకా పెద్ద విషయం.

సంచికీ పేగుకూ మధ్య కుట్టు మూడు రకాలుగా వేస్తారు: పూర్తిగా చేత్తో, నిడుపాటి స్టేప్లర్‌తో, గుండ్రటి స్టేప్లర్‌తో. గుండ్రటిదానితో ద్వారం సైజు కచ్చితంగా వస్తుంది గానీ తర్వాత ద్వారం బిగుసుకుపోవడం, పొట్ట మీది రంధ్రం దగ్గర చీము పట్టడం కాస్త ఎక్కువ. చేతికుట్టుకు సమయం, నైపుణ్యం కావాలి, ఖర్చు తక్కువ. చివరగా నీలిరంగు మందు గానీ గాలి గానీ ఎక్కించి ఎక్కడైనా కారుతోందేమో చూస్తారు.

ఇంకొక పని మిగిలి ఉంటుంది. పేగును పైకి లాగడం వల్ల పేగును పట్టి ఉంచే పొరలో రెండు ఖాళీలు ఏర్పడతాయి. ఒకటి పేగుల కలయిక దగ్గర, రెండోది పైకి తెచ్చిన పేగు వెనక ఉండే పీటర్సన్ ఖాళీ. కొందరు వీటిని కుట్టకుండా వదిలేసేవారు. స్వీడన్‌లో 2,507 మంది మీద చేసి 2016లో ప్రచురించిన పరిశోధన, ఖాళీలు మూసినవాళ్లలో పేగు ఇరుక్కుని మళ్లీ ఆపరేషన్ చేయాల్సిన అవసరం బాగా తగ్గిందని తేల్చింది.

ఒకే కుట్టు బైపాస్

1997లో అమెరికాలో రాబర్ట్ రట్లెడ్జ్ మినీ బైపాస్ మొదలుపెట్టాడు. ఇందులో సంచి పొడుగ్గా, సన్నగా ఉంటుంది. పేగును కోయకుండా, ఆంత్రమూలం ముగిసే మలుపు నుంచి 150–200 సెంటీమీటర్ల దూరంలోని మడతను తెచ్చి సంచికి ఒకేచోట కుడతారు. కుట్టు ఒకటే కాబట్టి త్వరగా అవుతుంది, అవసరమైతే విప్పి సరిచేయడమూ సులువు. మన దేశంలో దీనికి ఆదరణ బాగా ఉంది.

మేసన్ కాలంలో కష్టపెట్టిన పైత్యం ఇక్కడా సంచిలోకి రావచ్చు. సంచి పొడుగ్గా ఉండడం వల్ల అన్నవాహికదాకా ఎక్కడం తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగదు. ఫ్రాన్స్‌లో రెండు పద్ధతులనూ పోల్చి 2019లో వెలువరించిన యోమెగా అధ్యయనంలో బరువు తగ్గడం రెంటిలోనూ సమానంగానే ఉంది. 200 సెంటీమీటర్ల మడత వేసినవాళ్లలో మాత్రం పోషకాహార లోపాలు, విరేచనాలు ఎక్కువ. శాకాహారులకు మడత పొడుగు తగ్గించి వేయడమే నయం.

జఠరాన్ని నిలువుగా కోసి గొట్టంలా మిగిల్చే స్లీవ్ పద్ధతి ప్రపంచంలో ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా జరుగుతోంది. అది బైపాస్ కాదు. ఎసిడిటీ బాగా ఉన్నవాళ్లకు స్లీవ్ కంటే రూ-ఆన్-వై మేలు. సంచి చుట్టూ వలయం బిగించే పద్ధతి, రోబో సాయంతో చేసే పద్ధతి కూడా ఉన్నాయి. రోబోతో ఖర్చు పెరుగుతుంది, రోగికి దక్కే ఫలితంలో పెద్ద తేడా లేదు.

షుగరు ఎందుకు తగ్గుతుంది

బైపాస్ అయిన కొద్ది రోజులకే, బరువు ఇంకా తగ్గకముందే, చాలామందికి ఇన్సులిన్ అవసరం పడిపోతుంది. 1995లో అమెరికా సర్జన్ వాల్టర్ పోరీస్ దీన్ని పెద్ద ఎత్తున లోకం దృష్టికి తెచ్చాడు. అన్నం త్వరగా కింది పేగుకు చేరడంతో జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు ఎక్కువగా ఊరి, ఇన్సులిన్‌కు ఊతమిస్తాయి, ఆకలిని అణుస్తాయి. ఈ సూత్రాన్నే పట్టుకుని హైదరాబాద్‌లో సర్జన్ సురేంద్ర ఉగాలే, బ్రెజిల్ సర్జన్ ఆరియో డి పౌలా రూపొందించిన దారిలో, చిన్నపేగు చివరి భాగంలో కొంత ముక్కను పైకి మార్చి కుట్టే ఇలియల్ ఇంటర్‌పొజిషన్ ఆపరేషన్లు చేసి ఫలితాలు ప్రచురించారు. అది చాలా క్లిష్టమైనది, విస్తృతంగా వ్యాపించలేదు. మధుమేహం మీద పేగు పెత్తనం గురించి జరిగిన పరిశోధనలో తెలుగు నేల పాలు అది.

మందులతో పోల్చిన స్టాంపీడ్ అధ్యయనంలో, ఐదేళ్ల తర్వాత, సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 6 శాతం లేదా అంతకంటే తక్కువకు చేరినవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం. మధుమేహం పూర్తిగా నయమవుతుందని ప్రకటనల్లో చదివి వెళ్లేవాళ్లు ఈ 29ని గుర్తుంచుకోవాలి. పదేళ్ల పైబడి మధుమేహం ఉన్నవాళ్లకు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు ఆశ ఇంకా తక్కువ.

ప్రమాదాలు

అమెరికాలో 4,776 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో నెల లోపు మరణాలు 0.3 శాతం. మొదటి వారాల్లో భయం కుట్టు కారడం, రక్తస్రావం, కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం. గుండె వేగం నిమిషానికి 120 దాటి తగ్గకపోతే, నొప్పి లేకపోయినా కుట్టు కారుతోందని అనుమానించాలి.

నెలలు, ఏళ్ల తర్వాత వచ్చేదాంట్లో అన్నిటికంటే ప్రమాదం పేగు లోపలి ఖాళీల్లో ఇరుక్కోవడం. బరువు తగ్గి, పొరల్లోని కొవ్వు కరిగాక ఖాళీలు వదులవుతాయి. తిన్న తర్వాత మెలిపెట్టే నొప్పి వచ్చి పోతుంటుంది. ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. అసలు వాంతి కూడా కాకపోవచ్చు. గర్భిణుల్లో ఆఖరి నెలల్లో ఇది మరీ ఎక్కువ, అక్కడ దాన్ని కాన్పునొప్పి అనుకునే ప్రమాదం ఉంది. గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చి పంపిస్తే కొన్ని గంటల్లో పేగు కుళ్లిపోవచ్చు. బైపాస్ అయిన మనిషికి ఆగని కడుపునొప్పి వస్తే వెంటనే సీటీ స్కాన్ తీయాలి. స్కాన్‌లో తేలకపోయినా అనుమానం పోకపోతే లాప్రోస్కోపీ పెట్టి చూడాలి. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల లాంటి బోధనాసుపత్రి ఉండడం ఇలాంటప్పుడు ఎంతో ధైర్యం.

కుట్టు దగ్గర పుండు పడడానికి ముఖ్య కారణాలు పొగ, నొప్పి మాత్రలు. లావు తగ్గినా మోకాళ్ల నొప్పి ఒక్కసారిగా పోదు. ఊళ్లో మందుల షాపులో డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ చీటీ లేకుండా దొరుకుతాయి, ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేసేస్తాడు. బైపాస్ రోగికి ఇవి నిషిద్ధం. పారాసెటమాల్ వాడుకోవచ్చు.

తీపి తిన్న అరగంటకు చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం డంపింగ్ లక్షణాలు. వేగంగా సన్నబడేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు పడతాయి కాబట్టి ఆరు నెలలు నివారణ మందు ఇస్తారు. ఆగకుండా వాంతులవుతుంటే బి1 విటమిన్ అడుగంటి మెదడు దెబ్బతింటుంది. అలాంటి రోగికి గ్లూకోజు సెలైన్ ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి. ఈ వరస తప్పితే చూపు తడబాటు, నడక తూలడం, మతిమరుపు శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

ఇంటి తిండి

రెండు వారాలు పలచటివి, మరో రెండు మూడు వారాలు మెత్తగా మెదిపినవి, ఆ తర్వాతే గట్టి తిండి. ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాల్సింది రాగిసంగటి గురించి. సంగటిని ముద్ద చేసి, పులుసులోనో ఊరిబిండిలోనో అద్ది, నమలకుండా మింగడం ఇక్కడి అలవాటు. బైపాస్ ద్వారం ఒకటిన్నర సెంటీమీటరు. మింగిన ముద్ద అక్కడ అడ్డం పడితే ఎండోస్కోపీతో తీయాల్సి రావచ్చు. అలాగని రాగులను వదులుకోనక్కర్లేదు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఈ రోగులకు కావాల్సింది అదే. మొదట పలచటి అంబలిగా తాగి, నెలల తర్వాత సంగటిని చిన్న చిన్న తునకలుగా బాగా నమిలి తినొచ్చు.

సంచి చిన్నది కాబట్టి మొదట మాంసకృత్తులు పడాలి: గుడ్డు, పెసలు, ఉలవలు, పెరుగు, చేప. అన్నం చివర. నీళ్లు తిండితో పాటు కాకుండా అరగంట ఎడంగా. బి12, ఐరన్, కాల్షియం సిట్రేట్, డి విటమిన్ జీవితాంతం. ఏడాదికి ఒకసారైనా రక్తపరీక్ష చేయించాలి. ఇవి ఏవీ బెంగళూరులోనే జరగాల్సినవి కావు, మదనపల్లెలోనో పుంగనూరులోనో చేయించుకోవచ్చు. బరువు స్థిరపడేదాకా, అంటే ఏడాది నుంచి ఏడాదిన్నర, గర్భం రాకుండా చూసుకోమంటారు.

మళ్లీ క్షయ

జఠరం, పేగు దారి మార్చే ఆపరేషన్ల తర్వాత నిద్రపోతున్న క్షయ మేల్కొనే ముప్పు పెరుగుతుందని ఎప్పటినుంచో తెలుసు. బైపాస్ రోగి సన్నబడుతుంటే అందరూ సంతోషిస్తారు, అందువల్ల జబ్బుతో తగ్గే బరువు ఆ సంతోషంలో కలిసిపోతుంది. రెండేళ్లు దాటాక బరువు తగ్గుతూనే ఉన్నా, సాయంత్రం జ్వరం, దగ్గు, ఆకలి మందగించడం ఉన్నా కళ్లె పరీక్ష, ఎక్స్‌రే తప్పనిసరి. పేగు క్షయ అయితే కడుపునొప్పి లోపల ఇరుక్కున్న పేగునొప్పిలాగే అనిపించవచ్చు. క్షయ మందులు మారిన పేగులో సరిగ్గా ఇంకకపోవచ్చు కాబట్టి, మందు పనిచేస్తోందా లేదా అన్నది మామూలు రోగికంటే దగ్గరగా చూడాలి.

రోగి తన దగ్గర ఎప్పుడూ ఉంచుకోవలసింది డిశ్చార్జి కాగితం ఒక్కటే కాదు, ఆపరేషన్ నోట్ కూడా. అందులో ఏ రకం బైపాస్, తేదీ, రెండు పంగల పొడవు, మిగిలిన ఉమ్మడి పేగు పొడవు, ఖాళీలు మూశారా లేదా, పిత్తాశయం తీశారా లేదా అన్నవి ఉండాలి. డిశ్చార్జి అయ్యే రోజే అడిగి తీసుకుని, ఒక ఫొటో ఫోన్‌లోనూ, ఒక జిరాక్సు ఇంట్లోవాళ్ల దగ్గరా ఉంచాలి.